హెడ్డులో బీట

మా కారు చేస్తున్న చప్పుడు ఏ అక్షరంతో మొదలవుతుందన్న విషయం మీద మా ఇంట్లో పది రోజులు గొడవ జరిగింది. నేను 'టిక్కు' అన్నాను. మెకానిక్ 'సుక్కు' అన్నాడు. మా అక్క వరండాలో చింతపండు గింజలు తీసుకుంటూ, తలెత్తకుండానే, "టిక్కూ కాదు, సుక్కూ కాదు. పిస్సు అంటన్నాది. ఎక్కడో ఊపిరి పోతన్నాది దానికి" అంది. నేను ముప్పై మూడేళ్లు విజయనగరంలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. ధ్వని పాఠం ఏటా చెప్పినవాణ్ణి. మెకానిక్ ఇంజన్ల మధ్యనే పుట్టి పెరిగినవాడు. అక్క రిటైరయిన నర్సు. అందుచేత ఆమె మాటని మేమిద్దరం లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుని ఉంటే నా తల కోసం చర్చిలో ప్రార్థన జరిగేది కాదు, నేను చేసిన వెధవ పని ఒకటి ఇక్కడ ఒప్పుకోవలసిన అవసరమూ వచ్చేది కాదు.

కారు మా నాన్నది. మిషన్ ఆస్పత్రి దొరగారు తన దేశం వెళ్లిపోతూ, తన దగ్గర కాంపౌండరుగా ఉన్న నాన్నకి దాన్ని ఇచ్చేసి వెళ్లాడు. గుండు ముక్కు, కప్ప కళ్లు, చూస్తే డోకొచ్చే ఆకుపచ్చ రంగు. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయే రోడ్డు పక్కన మా ఊరు. ఇప్పుడు ఊళ్లో ప్రతి మూడో ఇంటి ముందూ ఒక కారు ఉంది గానీ వాటన్నిటినీ కంపెనీల పేర్లతో పిలుస్తారు. ఉత్త 'కారు' అంటే మాత్రం మాదే. మూడేళ్లుగా షెడ్డులో కదలకుండా పడి ఉన్నా దానికి ఆ గౌరవం తగ్గలేదు.

దాన్ని ఇప్పుడు కదపవలసి రావడానికి కారణం, మా అక్కకి పెళ్లి కుదరడం. అక్కకి అరవై నాలుగేళ్లు.

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, మా ఊరివాళ్లు అప్పుడే నవ్వేశారు. అక్కకి నర్సు ట్రైనింగులో సీటొచ్చిన రోజున నాన్న కారు బానెట్ మీద చెయ్యేసి, "నీ పెళ్లికి నిన్ను దీన్లోనే గుడికి తీసుకెల్తానే" అన్నాడు. మా ఇళ్లలో చర్చిని గుడి అనే అంటారు. ఆ తర్వాత అమ్మకి పక్షవాతం వచ్చింది. అమ్మ పోయాక నాన్నకి షుగరు ముదిరింది. నాన్న పోయాక నా భార్య మంచం పట్టింది. అలా ఇంట్లో అందరం వంతులవారీగా జబ్బులు పడి అక్క పెళ్లిని నలభై ఏళ్లు వెనక్కి నెట్టాం. నా భార్య పోయి తొమ్మిదేళ్లయింది. ఇక జబ్బుపడడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు, నాకేమో జలుబు కూడా చెయ్యదు.

వరుడు ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీ వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయన భార్య కూడా పోయింది. కంటికి ఆపరేషను చేయించుకోవడానికి అక్క పనిచేసిన ఆస్పత్రికి వచ్చి, కన్ను బాగయ్యాక కూడా వస్తూనే ఉన్నాడు. మా వైపు అక్క మొగుణ్ణి, కాబోయేవాడైనా సరే, 'బావా' అని పిలుస్తాం. నేను మాత్రం ఆయన్ని 'ఇన్‌స్ట్రక్టరు గారూ' అనేవాణ్ణి. ఆయన నొచ్చుకోకుండా నన్ను 'మాస్టారూ' అనేవాడు. మనిషి మంచివాడే. అదే నాకు మరీ ఇబ్బందిగా ఉండేది, తిట్టడానికి పట్టు దొరికేది కాదు.

పెళ్లికి మూడు వారాలుందనగా అక్క ఒక షరతు పెట్టింది. "నాన్న కార్లోనే గుడికి ఎల్తాను. అద్దె కారు ఎక్కను."

"అది నడవకపోతేనో?" అన్నాను.

"నడిసీదాకా ఆగుతాను. నలభై ఏళ్లు ఆగినదాన్ని, ఇంజనుకి ఆగలేనేటి?"

ఆ మాట వినగానే నాలో ఎక్కడో చిన్న సంతోషం కలిగింది. ఏం దాచుకోను, కలిగింది. కారు నడవకపోతే పెళ్లి లేదు. పెళ్లి లేకపోతే పొద్దున్నే నన్ను 'ఒరే, లేరా' అని తిట్టి లేపే మనిషి ఇంట్లోనే ఉంటుంది. ఆ సంతోషాన్ని నేను వెంటనే మడిచి లోపల పెట్టేసి, చాలా బాధ్యతగల తమ్ముడిలా షెడ్డు తలుపు తీశాను.

కారు నాలుగో ప్రయత్నంలోనే స్టార్టయింది. దాంతోపాటు ఆ చప్పుడూ మొదలైంది. ఇంకో జబ్బు కూడా ఉంది. పొద్దున్న రేడియేటరులో పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండేవి కావు. కింద చుక్క పడేది కాదు, పైన ఆవిరి వచ్చేది కాదు. నీళ్లు ఎటు పోతున్నాయో తెలియదు.

ముందు చప్పుడుని ఫోనులో రికార్డు చేసి మా చుట్టాల గ్రూపులో పెట్టాను. విశాఖపట్నంలో ఉన్న మా చిన్నాన్న కొడుకు 'చెయిన్ వదులైంది' అని రాశాడు. సాలూరులో ఉన్న మేనత్త కూతురు 'కుట్టుమిషను బాగానే ఉన్నట్టుందే' అని రాసింది. ఒక పెద్దాయన వినకుండానే చేతులు జోడించిన బొమ్మ పెట్టి, 'వారి కుటుంబానికి ఆదరణ కలుగును గాక' అన్నాడు. ఆ దెబ్బకి మరో ఆరుగురు అదే బొమ్మ పెట్టారు. పోయింది ఎవరూ కాదు, ఇంజను అని సర్దిచెప్పేసరికి నాకు ఒక పూట పట్టింది.

"ఆయన్ని పిలూరా. ముప్పై ఏళ్లు ఇంజన్ల పనే కదా సేసినారు" అంది అక్క.

"పెళ్లికొడుకు చేత కారు బాగుచేయించుకునే గతి మనకి పట్టలేదు" అన్నాను నేను. వినడానికి పరువు మాటలా ఉంటుంది గానీ అసలు భయం వేరు. ఆయన వస్తే కారు బాగైపోతుందని.

అంచేత మెకానిక్‌ని పిలిచాను. మా చర్చికి ఎదురుగానే ఆయన షెడ్డు. ఈ మధ్య ఎక్కువగా ఆటోలు, కళింగపట్నం పడవల ఇంజన్లు చూస్తున్నాడు గానీ, మా నాన్న ఉన్నప్పుడు ఈ కారు కూడా చూసేవాడు. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టీ తాగి, ఇంజను స్టార్టు చేయించి, రేడియేటరు మూత తీసి లోపలికి చూశాడు. నీళ్లలో సన్నగా బుడగలు వస్తున్నాయి.

"ఇదేటి సార్, సారా కాస్తన్నట్టు ఉన్నాది!" అని, బుడగల్నే చూస్తూ కాసేపు ఆలోచించి, "హెడ్డు క్రాకు అయ్యుంటాది" అన్నాడు.

ఇంజను మీద మూతలా కూర్చునే ఇనప దిమ్మని వీళ్లు హెడ్డు అంటారు. దానిలో బీట పడితే మంట గాలి నీళ్లలోకి వస్తుంది, నీళ్లు మంటలోకి పోతాయి. ఒక్కోసారి ఆయిల్లో కూడా కలుస్తాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు. విప్పాలి.

"బీట ఉంటే?" అన్నాను.

"ఇంకో హెడ్డు కావాలి. ఈ బండికి ఇక్కడెక్కడా దొరకదు సార్. కలకత్తాలో ఎతకాలి. ఎన్ని నెల్లవుతాదో సెప్పలేను."

నెలలు! నేను మొహం విచారంగా పెట్టుకుని, సోమవారం విప్పుదామన్నాను.

ఇక్కడే వచ్చింది తంటా. ఆ శనివారం మా చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి స్కూటరుకి గాలి పెట్టించుకుందామని మెకానిక్ షెడ్డుకి వెళ్లింది. ఆవిడ తలుచుకుంటే ఎవరి కష్టమైనా చీటీ మీద రాసి ఆదివారం ప్రార్థనలోకి పంపిస్తుంది. గాలి పెడుతుండగా ఊరికే ఉండక, "మన మాస్టారు ఈమధ్య కనపడతం లేదేటి?" అని అడిగిందట. మెకానిక్ పంపు కొడుతూ ఆయాసపడుతూ చెప్పాడట. "సార్ హెడ్డు క్రాకు వచ్చినట్టుందమ్మా. పైకి ఏటీ తెలీదు. లోపల్నుంచి వస్తాది. సోమారం ఇప్పీసి సూస్తాం."

"ఓలమ్మ! ఇప్పీడమేటి?"

"ఇప్పకపోతే ఎలగమ్మా? నీళ్లూ ఆయిలూ కలిసిపోతే మరి పనికిరాదు, తీసి పారెయ్యాలి."

మెకానిక్‌కి నేనంటే కారు, కారంటే నేను. అందరు బండివాళ్లనీ ఆయన అలాగే అంటాడు. 'కళింగపట్నం మావకి గేరు పడతం లేదు' అంటాడు, 'పంతులమ్మకి వెనక టైరు అరిగిపోనాది' అంటాడు. షెడ్డుకి రోజూ వచ్చేవాళ్లకి అది అలవాటే. కార్యదర్శిది ఆ మధ్యే కొన్న కొత్త స్కూటరు, ఆ షెడ్డుకి రావడం ఆవిడకి అదే మొదలు.

ఆదివారం నేను చర్చికి ఆలస్యంగా వెళ్లాను. ఆఖరి బెంచీలో కూర్చునేసరికి పాస్టరు గారు అక్క పెళ్లి ప్రకటన చదువుతున్నారు. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు అలా చదువుతారు, ఇది రెండోది. 'ఈ వివాహమునకు ఆటంకమేదైనను ఎరిగినవారు తెలియజేయవలెను' అని ఆయన ముగించి, దాని కిందే ఉన్న చీటీ తీసి కళ్లు మూసుకున్నారు. అందరం మూసుకున్నాం.

"తండ్రీ, మా సహోదరుని తలలో ఏర్పడిన పగులును నీవు ఎరుగుదువు. పైకి కనబడనిది నీకు కనబడును. రేపటి దినమున ఆ తలను విప్పబోవుచున్న చేతులను నీవే నడిపించుము. ఆ తలలోని నీరును నూనెయు ఒకదానితో ఒకటి కలియకుండ కాపాడుము. అది తీసి పారవేయబడకుండ దయచూపుము."

ఎవరో పాపం అనుకున్నాను. తలలో నూనె ఏమిటో అర్థం కాలేదు గానీ, ఈ రోజుల్లో ఎన్ని కొత్త జబ్బులు రావడం లేదు? నిజంగా జాలేసింది. అందరికంటే గట్టిగా 'ఆమెన్' అన్నాను. పాస్టరు గారు ఆ గొంతు గుర్తుపట్టి కళ్లు తెరిచి, నన్ను చూసి, వణికే గొంతుతో, "ఈ స్థితిలో కూడా మాస్టారు మందిరానికి వచ్చారు" అన్నారు.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. నా పక్కనున్న పెద్దాయన కొంచెం జరిగి కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది. పక్కావిడ ఏడుస్తోందనుకుని వీపు రాస్తోంది. నేను లేచి, అది నా తల కాదు, కారు తల అని చెప్పాను. అందరూ దయగా తలలూపారు. తల బాగోలేనివాడు అంతకంటే ఏం చెబుతాడు మరి!

ఒళ్లు మండిపోయి ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినకుండా షెడ్డులోకి వెళ్లి, ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో నేనే తేల్చేద్దామని ఇంజను స్టార్టు చేశాను. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనిస్తే లోపలి చప్పుడు దగ్గరగా వినపడుతుంది. ఇది నా కనిపెట్టుడు కాదు, మెకానిక్‌లందరూ చేసేదే. ఒక చెవిలో దూది కుక్కుకుని, రెండో చెవికి స్క్రూడ్రైవరు ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్కో చోటా ఆగుతూ, "ఊఁ, మాట్లాడు... ఇంకొంచెం గట్టిగా మాట్లాడు..." అంటున్నాను.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఇన్‌స్ట్రక్టరు గారు. చేతిలో డజను బత్తాయిలు, రొట్టె పొట్లం. చర్చి వదిలిన గంటకల్లా ఎచ్చెర్లకి కబురు వెళ్లిపోయింది. పెళ్లికూతురి తమ్ముడికి మతి చలించిందని, ఆడపెళ్లివారు ఆ సంగతి దాచారని కబురు. ఆయన పరిగెత్తుకుని వచ్చాడు.

ఆయన బత్తాయిలు నెమ్మదిగా కింద పెట్టి, పసిపిల్లల్ని బుజ్జగించే గొంతుతో అడిగాడు. "మాస్టారూ, ఏటి ఇనిపిస్తన్నాది?"

"టిక్కు" అన్నాను.

"ఎవరంటన్నారు?"

అప్పుడు అక్క వరండా గడప మీద కూలబడి నవ్వింది. నాకు తెలిసి పాతికేళ్లలో ఆమె అంతలా నవ్వడం చూడలేదు. ఆయన నన్నూ, ఆమెనీ, కారునీ మార్చి మార్చి చూసి, సంగతంతా విని, తనూ నవ్వడం మొదలుపెట్టాడు. నేనొక్కణ్ణే స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను. చివరికి నాకూ ఆగలేదు.

నవ్వు తగ్గాక ఆయన చెయ్యి చాచి స్క్రూడ్రైవరు అడిగాడు. ఇవ్వకపోతే బాగుండదు. ఆయన నాలుగు చోట్ల ఆనించి విని, హెడ్డుకీ దాని కింద ఇంజను దిమ్మకీ మధ్య అతుకు దగ్గర ఆగిపోయాడు. "ఇక్కడ పిస్సు అంటన్నాది. గాలి పోతన్నాది" అన్నాడు.

"నాను సెప్పలేదేటి?" అంది అక్క.

సోమవారం పొద్దున్నే ఆయన పాత చొక్కా వేసుకుని వచ్చాడు. మెకానిక్, ఆయన కలిసి హెడ్డు విప్పారు. చప్పుడు సంగతి వెంటనే తేలిపోయింది. హెడ్డుకీ దిమ్మకీ మధ్య పల్చని రేకు ఒకటి ఉంటుంది, గాస్కెట్ అంటారు. అది రెండు చోట్ల కాలిపోయి ఉంది. గాలి పోయేదీ అక్కడే, నీళ్లు పోయేదీ అక్కడే. "ఈ రేకు నేను సేస్తాను" అన్నాడు ఇన్‌స్ట్రక్టరు గారు. "గానీ నీళ్లు తక్కువై వేడెక్కిన ఇంజను. హెడ్డులో కూడా బీట పడిందో లేదో సూసుకోవాలి."

దానికి పెద్ద మిషన్లు ఉంటాయట, మాకు లేవు. పాత పద్ధతి ఒకటుంది. హెడ్డుని కిరోసిన్‌తో తడిపి, కాసేపు ఆగి, పొడిగా తుడిచేసి, పైన సుద్ద పూయాలి. సన్నటి బీట ఉంటే అందులో కిరోసిన్ దాక్కుని ఉంటుంది. అది మెల్లగా పైకి ఊరి సుద్దని తడుపుతుంది, తెల్లటి సుద్ద మీద తడి గీత కనపడుతుంది. కిరోసిన్ మెకానిక్ పడవలవాళ్ల దగ్గర తెచ్చాడు. స్పిరిట్ అక్క ఇచ్చింది. సుద్ద నాది. రిటైరయిన రోజున క్లాసులోంచి తెచ్చుకున్న సగం పెట్టె ఇంకా అలాగే ఉంది. సుద్ద విషయంలో నన్ను మించినవాడు లేడు కనుక పూత నేనే పూస్తానన్నాను. పొడి చేసి, స్పిరిట్‌లో కలిపి, గోడకి సున్నం కొట్టినట్టు దట్టంగా కొట్టాను.

స్టూలు మీద హెడ్డు, దాని చుట్టూ మేం నలుగురం. అక్క టీ ఇచ్చింది. నేను మనసులో ఏం కోరుకుంటున్నానో నాకు బాగా తెలుసు.

పావుగంటకి గీత కనిపించింది. రెండు వాల్వుల మధ్య, వేలెడంత పొడుగు.

నేను కళ్లజోడు సవరించుకుని దగ్గరికి వంగాను. గీత పొడిగా ఉంది. ఎండిన వరిమడిలో నెర్రెలాగా అంచులు పైకి లేచాయి. తడి లేదు, మరక లేదు. దట్టంగా పూసిన సుద్ద ఆరి తనంతట తనే బీటలు వారింది. అది సుద్దలో బీట, ఇనుములో కాదు. స్కూలు పిల్లాడికైనా తెలుస్తుంది, నాకు తెలియదా?

"బీటే" అన్నాను.

మాస్టారు అన్నాక మెకానిక్‌కి తిరుగులేదు. "అనుకున్నాను సార్" అని నిట్టూర్చాడు. ఇన్‌స్ట్రక్టరు గారు గీత వంక చూశాడు, నా వంక చూశాడు, పాత గుడ్డ అందుకున్నాడు. అక్క థర్మామీటరు చూసినట్టు గీతని చూసి, "సరేలే. ఆగుదాం" అంది. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. గ్లాసులు నాలుగే. నీళ్లు పోతూనే ఉన్నాయి. మా అక్క ఏడిస్తే కుళాయి తిప్పుకుని ఏడుస్తుంది, మాకు వినపడకూడదని. అమ్మ పోయినప్పుడు తిప్పింది, నాన్న పోయినప్పుడు తిప్పింది, నా భార్య పోయినప్పుడు నన్ను పడుకోబెట్టి వచ్చి తిప్పింది. ఆ చప్పుడు ఏమిటో పోల్చుకోవడానికి నాకు ఏ స్క్రూడ్రైవరూ అక్కర్లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఇన్‌స్ట్రక్టరు గారు పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు. "మాస్టారూ, సుద్ద కొంచెం మందం అయిపోనాదేమో. తుడిసీసి, ఇంకోపాలి పలసగా రాసి సూద్దామేటి? మీరు సెప్తేనే."

ఆయనకి తెలుసు. మొదటి చూపులోనే తెలుసుకున్నాడు. నన్ను అందరిముందూ పట్టివ్వడం ఒక్క మాట పని, అయినా ఆ మాట నాకే వదిలేశాడు.

"రాద్దాం బావా" అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. ఆయన చేతులు తుడుచుకోవడం ఒక్క క్షణం ఆపి, మళ్లీ తుడుచుకున్నాడు.

ఈసారి పూత ఆయన పూశాడు, పల్చగా. అరగంట ఆగాం. సుద్ద తెల్లగా అలాగే ఉంది. గీత లేదు, మరక లేదు. మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "అయితే క్రాకు ఉన్నట్టా, లేనట్టా సార్?"

"హెడ్డులో లేదు" అన్నాను.

"మరెక్కడున్నాది?"

నేను ఇంటి వైపు తిరిగాను. లోపలికి కేకేశాను. "అక్కా, బీట లేదు. నేనే పొరపాటుపడ్డాను." కుళాయి ఆగింది.

మర్నాడు బావ కాలిపోయిన గాస్కెట్‌ని పేపరు మీద పెట్టి పెన్సిలుతో గీసుకుని, విజయనగరంలో బిందెలు చేసేవాళ్ల దగ్గర రాగి రేకు తీసుకుని, తన చేత్తో కత్తిరించి తెచ్చాడు. పెళ్లికూతురికి ఏం తెచ్చావని ఎవరో అడిగితే ఆ రేకే చూపించాడట. రాగి రేకు వేసి బిగించాక ఇంజను స్టార్టు చేస్తే టిక్కు లేదు, సుక్కు లేదు, పిస్సు లేదు. హుక్కా పీలుస్తున్న ముసలాయనలా తృప్తిగా గుడగుడమంది.

ఆ సాయంత్రం అక్క పప్పు రుబ్బుతుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. గీత పొడిగా ఉందని తెలిసే బీట అన్నానని.

"తెల్సు" అంది.

"ఎలా తెలుసు?"

"చిన్నప్పుడు బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అనీవాడివి కదా. అప్పుడూ ఇలగే కళ్లజోడు... కాదులే, అప్పుడు కళ్లజోడు లేదు, సొక్కా సవరించుకునీవాడివి."

"నువ్వెళ్లిపోతే నాకు ఇంట్లో ఏమీ తోచదక్కా" అన్నాను. నలభై ఏళ్లలో ఆమెకి నా అంతట నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనేమో.

అక్క రుబ్బడం ఆపలేదు. "ఎచ్చెర్లేటి, ఏడు సముద్రాల అవతలుందేటి? గంట బస్సు. రేపట్నుంచి పప్పు ఎలగ వండాలో నేర్సుకో. ముందు ఆ పొయ్యి ఎటు తిప్పితే ఎలుగుతాదో సూడు" అంది. కాసేపయ్యాక తడిచెయ్యి తుడుచుకోకుండానే నా నెత్తిమీద ఒకటి మొట్టింది. నా తల గట్టిదో కాదో అప్పుడు మళ్లీ ఒకసారి పరీక్ష అయింది.

పెళ్లి అనుకున్న రోజునే జరిగింది. అక్క తెల్లచీర కట్టుకుని వెనకసీట్లో కూర్చుంది, నాన్న కూర్చునే వైపు మాత్రం ఖాళీగా ఉంచింది. నేను నడిపాను. రోడ్డు పక్క కల్లాల్లో పనిచేసుకుంటున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. చర్చిలో పాస్టరు గారు ఆఖరిసారి, 'ఈ వివాహమునకు ఆటంకమేదైనను ఎరిగినవారు ఇప్పుడే చెప్పవలెను' అనగానే, చర్చి మొత్తం ఒక్కసారిగా నా తల వైపు తిరిగింది. నేను ఫ్యాను వంక చూశాను. విందు అయ్యాక కారు తాళం బావ చేతిలో పెట్టి, స్టార్టు చేసేటప్పుడు చోక్ సగమే లాగాలని రెండుసార్లు చెప్పి, నేను ఇంటికి నడిచి వచ్చాను.

ఆ వారం మొత్తం నేను వండిన పప్పు నేనే తిన్నాను. దాని గురించి ఏమీ రాయను.

ఆదివారం చర్చి వదిలేసరికి అక్క ఫోను చేసింది. "ఒరే, కారు మళ్లీ ఏదో సప్పుడు సేస్తన్నాది. స్క్రూడ్రైవరు అట్టుకుని బేగి రా."

"అక్కడ బావ ఉన్నాడు కదే!"

"ఆయనకి ఇనపడతం లేదు. నువ్వు రా."

బస్సులో ఎచ్చెర్ల వెళ్లాను. ఒళ్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని కూర్చుంటే పక్కసీటతను దిగిపోయేదాకా అనుమానంగానే చూశాడు. ఇంజను స్టార్టు చేయించి, అన్ని చోట్లా ఆనించి, అరగంట విన్నాను. శుభ్రంగా ఉంది. "ఏ చప్పుడూ లేదక్కా" అన్నాను.

"ఉన్నాది. నీకు సెవుడు" అంది అక్క. లోపల కోడికూర ఉడుకుతున్న వాసన వస్తోంది. మూడు కంచాలు అప్పటికే వేసి ఉన్నాయి.

నేను బావ వంక చూశాను. ముప్పై ఏళ్లు ఇంజన్లు విన్న మనిషి, ఆగి ఉన్న కారు బానెట్‌కి ఒక చెవి ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. "అవును బావా, నాకూ ఇనిపిస్తన్నాది. వచ్చే ఆదివారం మళ్లీ ఓపాలి వచ్చి సూడాలి నువ్వు" అన్నాడు.